మంచులో నా పికప్ వెనకెక్కిన బరువు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎవరైనా ఫలానా తోపులో తెల్లచీర కనిపించిందంటే, "ఆ పూట ఎంత తాగావు?" అని అడిగే రకాన్ని. పదహారేళ్లుగా డ్రైవరుగా బతుకుతున్నాను. రోడ్డు మీద నన్ను భయపెట్టినవి లైట్లు లేని ట్రాక్టర్లూ, అడ్డం వచ్చే గేదెలూ తప్ప వేరేవి కావు.

అందుకే రెండేళ్ల కిందట లడఖ్‌లో నాకు జరిగింది ఎవరికీ సరిగా చెప్పుకోలేకపోయాను. చెబితే నా ప్రశ్న నన్నే అడుగుతారు. ముందే చెబుతున్నాను, అప్పుడు పొద్దున్న పదిగంటల వేళ. నేను తాగింది టీ ఒక్కటే.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఒడ్డుకు పికప్ దింపి, చేపలు ఎక్కించుకుని, చీపురుపల్లి దాకా తోలడం నా పని. ఖాళీ పికప్‌కు వెనక బరువుండదు. తడి ఇసుకలో వెనక చక్రాలు పట్టు దొరక్క ఊరికే తిరుగుతుంటాయి. దానికి మా ఊళ్లో ఒక పద్ధతుంది. "ఎనక్కెక్కండి పిన్నీ!" అని కేకేస్తే చాలు, చేపలమ్మే ఆడవాళ్లు నలుగురు ఎక్కి సరిగ్గా చక్రాలకు పైన కూర్చుంటారు. వాళ్లలో పెద్దది పోలమ్మ పిన్ని, మా అమ్మ చెల్లెలు. సర్దుకుని కూర్చున్నాక క్యాబిన్ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తుంది. ఇక పద అని అర్థం. ఇసుక మరీ పొడిగా ఉంటే బిందెడు నీళ్లు చల్లుతాం. నీళ్లు పడితే ఇసుక గట్టిపడుతుంది.

ఈ తెలివంతా మూటగట్టుకుని లడఖ్ వెళ్లాను. ఆ ఏడు వేట బాగాలేదు. మా అక్క మొగుడు సింహాద్రి బావ అక్కడ రోడ్డు పనికి వెల్డరుగా వెళ్తూ, డ్రైవరు కూడా కావాలట రమ్మన్నాడు. బయల్దేరే రోజు అక్క నన్ను పక్కకు పిలిచింది. "మీ బావకి ఒల్లు సూసుకోడం తెల్దురా. నువ్వే తిరిగి తీసుకురావాల" అంది. సరేనన్నాను. సరే అనడానికేం, నోటి పని.

మొదటిసారి మంచు పడ్డ రోజు అక్కడ నాకిచ్చిన పికప్ కదల్లేదు. నేను ధీమాగా రెండు బకెట్ల నీళ్లు తెచ్చి చక్రాల కింద పోశాను. టీ తాగి వచ్చేసరికి అక్కడ అద్దం పరిచినట్టుంది. అక్కడి డ్రైవరు, ఒక పెద్దాయన, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వడం అయ్యాక కూర్చోబెట్టి, వచ్చీరాని హిందీలో నాకు అర్థమయ్యేదాకా చెప్పాడు. వెనక ఇరుసు మీద ఇసుక బస్తాలు వెయ్యి. టైర్లకు గొలుసులు చుట్టు. ఫస్ట్ గేరులో గుంజకు, సెకండులో మెల్లగా కదులు. వాలులో బ్రేకు జోలికి పోకు. పొయ్యిలో బూడిద పారెయ్యకుండా సంచిలో పోసి బండిలో ఉంచుకో, చక్రాల కింద చల్లడానికి పనికొస్తుంది. వినయంగా విన్నాను గాని, బరువు సంగతి మా పోలమ్మ పిన్నికి ఎప్పుడో తెలుసు కదా అని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

చలికాలానికి క్యాంపు మూసేస్తున్నారు. ముందురోజే కూలీలందరినీ లారీలో కిందికి పంపేశారు. ఆ లారీకే గొలుసులు ఇచ్చేశాం. గేటు దగ్గర వాలులో అది జారుతుంటే నా ఇసుక బస్తాలు కూడా విప్పి అక్కడ పరిచేశాను. సామాన్లకు కాపలాగా మేమిద్దరం మిగిలాం.

తెల్లారేసరికి బావ పెదాలు నీలంగా ఉన్నాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, దగ్గితే నురగ. ఎత్తులో కొందరికి ఇలా వస్తుందనీ, వెంటనే కిందికి దించకపోతే మనిషి దక్కడనీ మాకు ముందే చెప్పి ఉన్నారు. ఫోనుకు సిగ్నల్ లేదు. బావకు రెండు దుప్పట్లు చుట్టి క్యాబిన్‌లో కూర్చోబెట్టి బయల్దేరాను. ఆ కంగారులో బండి వెనక ఖాళీగా ఉందన్న సంగతే మర్చిపోయాను.

కిందికి పోవాలంటే ముందు ఒక మిట్ట ఎక్కాలి. ఎండ తగలని చోటు, రోడ్డంతా గడ్డకట్టి ఉంది. సగం ఎక్కాక వెనక చక్రాలు ఖాళీగా తిరిగాయి. బండి పక్కకు తిరిగి, లోయ వైపు జారి, ఒక మంచుకుప్పకు ఆనుకుని ఆగింది. దిగి చక్రం వెనక రాయి పెట్టాను. సీటు వెనక ఉంచిన బూడిద చల్లాను, గోనెలు పరిచాను. రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ గోనెలు వెనక్కి ఎగిరిపడ్డాయి, బండి ఇంకో జానెడు లోయ వైపు జరిగింది. బరువు కోసం చుట్టూ చూస్తే ఉన్నదంతా కొండకు అతుక్కుపోయిన బండరాళ్లే.

బావ గొంతులో గురక మొదలైంది. నాకు ఏడుపొచ్చింది. అక్కకు ఏమని చెప్పాలి అన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది. స్టీరింగ్ ముందు కూర్చుని, ఏం చేస్తున్నానో తెలియకుండానే, మా ఒడ్డున అరిచినట్టు అరిచాను. "ఎనక్కెక్కండి పిన్నీ!"

బండి వెనకవైపు కిందికి దిగింది.

డ్రైవరుకు ఇది నడుముకే తెలుస్తుంది. బరువు మోసే కమాను పట్టీలు కిర్రుమన్నాయి, సీటు కొద్దిగా వెనక్కి వాలింది. నలుగురు ఎక్కితే ఎంత దిగుతుందో అంతే. తర్వాత క్యాబిన్ మీద రెండు దెబ్బలు వినిపించాయి.

బావ కళ్లు తెరిచాడు. "ఎనకాల ఎవులెక్కినారురా?" అన్నాడు. సెకండు గేరు వేసి మెల్లగా వదిలాను. చక్రం పట్టింది. ఎక్కడా ఒక్కసారి కూడా జారకుండా మిట్ట ఎక్కేశాం. అద్దంలో చూస్తే వెనక ఎవరూ లేరు. అయినా దిగువ దాకా ప్రతి మలుపులో బండి నిండు బండిలాగే నడిచింది.

ఆసుపత్రి దగ్గర బావను స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లాక వచ్చి వెనక చూశాను. బండిలో అంతా రాత్రి కురిసిన మంచు, చెక్కుచెదరకుండా ఉంది. చక్రాలకు పైన మాత్రం నాలుగు చోట్ల అణిగి ఉంది, మనిషి కూర్చున్నంత మేర. అడుగుల గుర్తు ఒక్కటీ లేదు. ఫోటో తీశాను, ఇప్పటికీ నా ఫోనులో ఉంది. ఎవరైనా చూసి, గాలికి అలా అవుతుందంటే కాదనను. చలికి కమాన్లు బిగుసుకుని ఒక్కసారిగా వదిలి ఉంటాయి అని ఒక మెకానిక్ అన్నాడు. దానికీ తలూపాను. బావకు ప్రాణవాయువు అందక భ్రమపడ్డాడనుకుందాం. మరి నాకేమైంది?

చచ్చిపోయినవాళ్లెవరో వచ్చారని చెప్పుకోవడానికీ లేదు. ఆ నలుగురు ఆడవాళ్లూ నిక్షేపంగా ఉన్నారు. బావ ఆరు రోజుల్లో లేచాడు. ఊరికి తిరిగొచ్చాక అరసవల్లిలో అక్క మొక్కు తీర్చుకున్నాం. ఆ మర్నాడు ఒడ్డు మీద పోలమ్మ పిన్నికి జరిగిందంతా చెప్పాను. ఆ పొద్దు నేను గుర్తొచ్చానా, ఏదైనా కల వచ్చిందా అని అడిగాను.

"ఏటీ నేదురా. సీపురుపిల్లిలో బేరం తెగక సస్తన్నాం. నువ్వెక్కడ గుర్తొస్తావు?" అంది. మళ్లీ తనే, "అయితే నువ్వు ఎక్కమన్నావా?" అని అడిగింది.

"అన్నాను పిన్నీ."

"మరింకేటి?" అని చేపల గంప అందుకుంది.

నాకిప్పటికీ దయ్యాల మీద నమ్మకం లేదు. ఆ రోజు ఏం జరిగిందో, ఎలా జరిగిందో చెప్పగలిగితే ఇంత రాసేవాడినే కాదు. అక్క మాత్రం నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. శ్రీకాకుళం వెళ్లి నాలుగు చీరలు కొని నలుగురికీ పెట్టింది. మిగతా ముగ్గురూ మొహమాటపడుతూ తీసుకున్నారు. పోలమ్మ పిన్ని చీర విప్పి అంచు చూసి, "అంత సలిలో కూకోబెట్టినారు, సీరలేటే? కంబల్లు కొనాల గానీ" అంది. అందరం పడీపడీ నవ్వాం. బావ అందరికంటే గట్టిగా నవ్వాడు, దగ్గు కూడా రాలేదు.

అక్క నవ్వలేదు. మర్నాడే మళ్లీ బస్సెక్కి వెళ్లి నాలుగు కంబళ్లు కొనుక్కొచ్చింది.