మా కారుకు చలి పుట్టించిన వైనం

ఆ రోజుల్లో నాకు తెలియని విద్య లేదు, చెయ్యడం వచ్చిన పనీ లేదు. విజయనగరంలో కొత్త ఉద్యోగం, ఒక అద్దె గది, నెట్ సెంటర్లో సగం చదివిన కార్ల జ్ఞానం, ఇదీ నా ఆస్తి. నరసన్నపేట మావయ్య (అమ్మ తమ్ముడు) పెద్దమ్మాయిని మా అన్నయ్యకివ్వడానికి ముహూర్తం పెట్టించాడు. చిన్నమ్మాయి మీద నా ఆశ సంగతి ఊరందరికీ తెలుసు. మావయ్య మాత్రం, "పెద్దోడు పర్లేదు. సిన్నోడే మరీ నెమ్మది. ఆడికిస్తే నా పిల్ల ఎప్పటికి గట్టెక్కతాది?" అన్నాడట.

నెమ్మదా! పెళ్లికొడుకు కారు నేనే నడుపుతానన్నాను. ఇంజన్లోకి పోయే గాలి ఎంత వేడిగా ఉందో కనిపెట్టే సెన్సారొకటి ఉంటుంది. దాని తీగకు రేడియో షాపులో దొరికే రెసిస్టర్ తగిలిస్తే, గాలి చల్లగా ఉందని కారు మోసపోయి, పెట్రోలు ఎక్కువ తాగి, రెచ్చిపోతుందని నా చదువు. తగిలించాను. నడివేసవిలో మా కారు కాశ్మీరులో ఉన్నాననుకుంది. చీపురుపల్లి దాటేసరికి అది (నా లెక్కలో) విమానం. వెనక బస్సులోని చుట్టాలకు మాత్రం నల్లటి పొగలో రోడ్డే కనబడలేదట.

నరసన్నపేట పొలిమేరలో ఆడపెళ్లివారు ఎదురుకోలుకు వచ్చారు. నేను మరిచిపోయిందల్లా ఒక్కటే: అక్కణ్ణుంచి విడిది దాకా కారు సన్నాయి వెనకే నడవాలి. ఆ సన్నాయాయన ఇంటింటి ముందూ ఆగి రాగం సాగదీస్తాడు. అంత తాగిన బండి ఆ నెమ్మదిని భరించలేక దగ్గి, తుమ్మి, చుట్టూ ఉన్న తెల్లపంచెలన్నిటినీ బొగ్గుల కొట్టు రంగులోకి మార్చి ఆగిపోయింది. విడిది చేరకుండా పెళ్లికొడుకు కాలు కింద పెట్టకూడదాయె. కనుక తొయ్యాలి. నా కిటికీ పక్కన భుజం ఆనించినవాడు సాక్షాత్తు మావయ్య.

"ఏటి సేసినావురా బండికి?"

"సల్లగాలని నమ్మించినాను మావయ్యా."

"ఎవుల్ని?"

"బండిని."

"ఈ ఎండలోనా? నమ్మేసినాదా?"

"నమ్మేసినాది."

"నీకంటే అమాయకపు బండిరా ఇది!"

"ఒరే, కబుర్లాపి స్టీరింగు సూడరా!" అని వెనక సీట్లోంచి అన్నయ్య మొత్తుకున్నాడు. అదివరకు నాతో రెండు మాటలకు మించి మాట్లాడని మావయ్య విడిది దాకా తోస్తూ, అడుగుతూ, నవ్వుతూనే ఉన్నాడు. అక్కడ కండువాతో మసి తుడుచుకుని అందరి ముందూ తేల్చేశాడు. "ఈడికి పిల్లనిస్తే నడిపించుకెల్తాడు. పర్లేదు, దానికి నడక అలవాటే." గుమ్మంలో చిన్నమ్మాయి మూతి బిగించి నవ్వాపుకుంటోంది.

ఇప్పుడు డాక్టరు చెప్పాడని సాయంత్రాలు ఇద్దరం కోట చుట్టూ తిరుగుతాం. ఆవిడ ముందు, నేను వెనక, ఆయాసపడుతూ. "బేగి రా బావా!" అంటూ ఆగుతుంది. నేను మాత్రం తొందరపడను. ఆవిడ అలా ఆగి వెనక్కి చూడటం నాకిష్టం.