మా ఆయా, బడి ఆయా

చలికాలం తిరుపతి మార్కెట్లో అనపచిక్కుడు కాయల గుట్ట పక్కగా నడుస్తుంటే ఆ పచ్చివాసనకు నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. చిత్తూరు దాటి తమిళ సరిహద్దులో ఉన్న మా ఊళ్ళో, నాయన వాళ్ళమ్మ పొద్దుటి ఎండ పడే అరుగు మీద కాళ్ళు చాపుకుని, రాత్రంతా నానిన అనపగింజల్ని వేళ్ళతో పితుకుతూ ఉండేది. పప్పు గిన్నెలోకి ఎగిరిపడేది, పొట్టు కోళ్ళకు పోయేది, మధ్యాహ్నానికి పితికిపప్పు కూర వాసన వీధి చివరిదాకా తెలిసేది. ఆమెను మేం ఆయా అనేవాళ్ళం. అరవం కలిసిన మా వైపు చాలా ఇళ్ళల్లో నానమ్మకు అదే పిలుపు.

నాయనకు రేణిగుంటలో పని దొరికి, ఆయాతో సహా తిరుపతికి మారాక, ఆ చిన్న మాటకు ఇన్ని అర్థాలున్నాయని తెలిసింది. హిందీ పాఠంలో ఆయా అంటే వచ్చాడు. తెలుగు వాచకంలో 'ఆయా ఊళ్ళు' అంటే ఆ ఆ ఊళ్ళు. బడిలో అందరికీ ఆయా అంటే గదులూడ్చే ఎల్లమ్మ. ఆమెను పేరుతో పిలిచినవాళ్ళే లేరు.

నేను మూడో తరగతిలో ఉండగా ఒకరోజు ఆయా నాకు అన్నం క్యారియర్ తెచ్చి మా గది గుమ్మంలో నిలబడింది. అప్పుడే ముందు బెంచీ పిల్లవాడు వాంతి చేసుకున్నాడు. నేను సంబరంగా "ఆయా" అని కేకేశాను. కొత్తగా వచ్చిన టీచరు ఆమెను సరిగా చూడకుండానే, బకెట్ తెచ్చి కడగమంది. పిల్లలు నవ్వారు. నేను లేచి, ఆమె బడి ఆయా కాదని, మా నాయనను కన్నతల్లి అని చెప్పాను. టీచరు తడబడి, అలాగైతే బడిలో నానమ్మా అని పిలవమంది.

ఆయా క్యారియర్ కింద పెట్టి, కొంగు తడిపి పిల్లవాడి మూతి తుడిచింది. తర్వాత నిదానంగా అంది.

"బిడ్డ కక్కుకున్నాడని తుడస్తా ఉండా తల్లీ. దాంట్లో నాకేం సిన్నతనం లేదు. కానీ నా మనమరాలు నన్నేమని పిలవాలో నువ్వు సెప్పొద్దు."

ఆ సాయంత్రం అమ్మ కూడా, బడిలోనైనా మాట మార్చుకోమని బతిమాలింది. నేను ఒప్పుకోలేదు. 'ఆయా మనవరాలు' అని వెక్కిరించినవాళ్ళకు అవునన్నాను. మర్నాటినుంచి ఆయా క్యారియర్‌లో ఎల్లమ్మకూ అన్నం పెట్టి తెచ్చేది. గేటు దగ్గర ఇద్దరూ కూర్చుని తింటుంటే నేను గొంతెత్తి పిలిచేదాన్ని, ఇద్దరూ తిరిగి చూసేవాళ్ళు.

ఇప్పుడు ఆయా లేదు. ఆ అరుగు ఉన్నచోట సిమెంటు దుకాణం లేచింది. మా ఊళ్ళో పిల్లలూ నానమ్మా, గ్రాండ్మా అంటున్నారు. పోయిన నెల నాకు మనవరాలు పుట్టింది. ఆ బిడ్డ నన్ను ఆయా అనే పిలవాలన్నాను. అపార్ట్‌మెంట్లో అందరూ నన్ను పిల్లను చూసుకునే పనామె అనుకుంటారని మా అబ్బాయి నసిగాడు.

"అనుకోనీ," అన్నాను.