పక్కకు వంగిన తుపాకి

నాయన పోయాక, లైసెన్సు ఆయన పేరనే ఉంది కాబట్టి తుపాకిని ఠాణాలో అప్పజెప్పాలని గోపాల్‌పేట ఇంట్లో గోనెసంచి విప్పితే, పాత నూనె, తుప్పు కలిసిన వాసన గుప్పున కొట్టి నన్ను ఎనిమిదేళ్ల పిల్లను చేసింది.

పల్లీ పీకే రోజుల్లో ఇల్లంతా ఉప్పేసి ఉడికించిన పచ్చికాయల ఆవిరి, అరుగు నిండా ఎర్రమట్టి, పొయ్యి మీద జొన్నరొట్టె. తాత గడప దగ్గర కూర్చుని తుపాకి గొట్టాల్లోకి గుడ్డ దూర్చి తుడుస్తుంటే, నేను వాటి కింద చెక్కిన అక్షరాల మీద వేలితో గీసేదాన్ని. అది జర్మనీ తుపాకి అని తప్ప మాకేమీ తెలియదు. భుజానికి ఆనించే దాని కట్టె మడమ మాత్రం వింతగా పక్కకు వంగి ఉండేది.

"గిట్లెందుకుంది తాతా?" అంటే, ఆయన గుడ్డ పడేసి లేచిపోయేవాడు. పెళ్లి లేకుండా మా ఇంట్లోనే ఉండిపోయిన మేనత్త యెంకటమ్మ ఆ వైపే చూసేది కాదు. ఆమె కుడికన్ను తెల్లగా ఉండేది. జొన్నకొయ్య గుచ్చుకుందని చెప్పేవాళ్లు.

ఠాణాకు పోయేముందు, లోపల తూటా ఏమైనా ఉందేమోనన్న భయంతో, వనపర్తిలో తుపాకులు బాగుచేసే ముసలాయనకు చూపించాను. ఆయన గొట్టాలు విడదీసి భూతద్దం పెట్టాడు.

"తూటా పొడుగు అరవై ఐదు మిల్లీమీటర్లని కొట్టిండ్రు చూడమ్మా. పొట్టి తూటాలది ఇది. ఎవరో లోపల తొలిపించి పొడుగు తూటాలకు చేసిండ్రు. గట్ల చేస్తే ఎనకకు మంట కొడ్తది." తర్వాత మడమ నిమిరాడు. "ఇది కుడిభుజాన పెట్టి ఎడమకన్నుతోని గురి చూసేటోళ్లకు వంచిండ్రు."

అత్త తెల్లని కుడికన్ను గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం అత్తను అడిగాను. కొంగు నలుపుతూ చెప్పింది.

"పందులు చేనంత తవ్విపోస్తుండె. గట్టిగ పేలాలని మా నాయన, మీ తాతే, తొలిపించిండు. కావలి నేనే పోతుంటి. ఒక్కసారి పేల్చిన, కన్ను పోయింది. కుదిరిన సంబంధం గూడ పోయింది."

"మరి మడమ?"

"అదీ ఆయనే చేయించిండు. ఒక్క కన్నుతోని పేల్చొచ్చు బిడ్డా, ఒకసారి పట్టి చూడని బతిలాడిండు. సచ్చేదాక అడిగిండు. నేను ముట్టలే."

మరునాడు తుపాకి ఇచ్చి రశీదు తీసుకున్నాను. వచ్చే దారిలో, మా పల్లీ చేను ఉన్నచోట ప్లాట్ల హద్దురాళ్లు తెల్లగా నిలబడి ఉన్నాయి. పందులు లేవు, కావలి మంచెలు లేవు.

"ఇచ్చినవా?" అంది అత్త వాకిట్లోనే.

"ఇచ్చిన."

"గప్పుడు నేను భుజాన పెట్టుకొని, సరిపోయింది నాయనా అని ఒక్కమాట అంటే ఏం పోతుండె," అంది.

ఆ మాట వినాల్సిన తాత పోయి ముప్పై ఏళ్లు దాటింది.