కోయని పడుగు

మా తమ్ముడు జైలు నుంచి రాసే ఉత్తరాలు మొదట్లో నా కోడలే చదివి వినిపించేది. ప్రతి దాంట్లోనూ ఒకటే మాట: "నేను మంచిగున్న, నువ్వు పైలం." చదివేది మరొకరని తెలిసినప్పుడు వాడు మాత్రం ఇంకేం రాస్తాడు? అందుకే యాభై ఆరేళ్ల వయసులో నేను అక్షరాలు నేర్చుకున్నాను. బీడీలు చుట్టే చాట బోర్లించి, దాని వెనక సుద్దముక్కతో కోడలు దిద్దించేది.

"ఆకు కత్తిరించినంత నున్నగ రాయాలె అత్తమ్మా," అని నవ్వేది.

పవర్లూమ్ కార్ఖానాలో జరిగిన కొట్లాటలో వాడు లోపలికి వెళ్లాడు. కేసు ఇంకా తెగలేదు. ములాఖత్‌కు వెళ్లినప్పుడల్లా వాడి మాటలు తగ్గుతూ వచ్చాయి. ఒకసారి చొక్కా చేతి కింద కట్టు కనిపించింది. బాత్రూంలో జారిపడ్డానన్నాడు. నమ్మాను.

నేనే నాలుగు ముక్కలు రాసి పంపాను, ఇక మీద నీ ఉత్తరాలు నేనే చదువుతానని. నెల తర్వాత జవాబు వచ్చింది. వాకిట్లో కూర్చుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను.

"అక్కా, ఇంట్ల మగ్గం మీది పడుగు కోసెయ్. నూలు ఎవలకన్న ఇయ్యి. ఊకె జాగ ఆపుతున్నది."

కోడలికి చూపించాను.

"మంచిదే గదా, అర్ర ఖాళీ అయితది," అంది. ఆమె పుట్టింటివాళ్లు బీడీలు చుట్టేవాళ్లు. మగ్గం సంగతి ఆమెకు తెలియదు.

ఈ మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో, మాది నాన్న నాటి మగ్గం. తమ్ముడు కార్ఖానా నుంచి వచ్చాక దాని మీద చద్దర్లు నేసేవాడు. వాడు లోపలికి వెళ్లిననాడు సగం నేసిన చద్దరు దాని మీదే ఉండిపోయింది. మా ఇంట్లో సగం నేసిన పడుగును, అంటే మగ్గానికి బిగించిన నిలువు దారాలను, కోయరు. నేసేవాడికి జ్వరమొచ్చినా, ఊరు వెళ్లినా అది అలాగే ఎదురుచూస్తుంది. దాన్ని కోయడం నేను ఒక్కసారే చూశాను. నాన్న పోయిన పదకొండో రోజున అమ్మ కోసింది. అప్పుడు తమ్ముడు నా ఒళ్లో ఉన్నాడు.

అది ములాఖత్ రోజు కాదు. అయినా పొద్దున్నే అశోక్ చౌక్‌లో ఆటో ఎక్కి జైలు గేటు దగ్గర దిగాను. కాపలా జవాను ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పాడు. దాని మీద జైలు ముద్ర ఉంది గానీ, తెలుగు చదవడం అతనికి రాదు. నేనే చదివి మరాఠీలో చెప్పాను.

"దారం కోయమంటున్నాడు. అందులో ఏముంది మావశీ?" అన్నాడు, మరాఠీలోనే.

"మా ఇంట్లో మనిషి పోతేనే కోస్తాం సాహెబ్. వీడు బతికుండగానే కోయమంటున్నాడు."

అతను నా ముఖం చూశాడు. లోపలికి ఫోన్ చేశాడు. కాసేపటికి ఒక డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఉత్తరం మళ్లీ చదివించుకుంది, కట్టు గురించి అడిగింది, నన్ను అక్కడే కూర్చోమని వెళ్లింది. మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చి నా పక్కనే బెంచీ మీద కూర్చుంది.

"మంచి సమయానికి వచ్చారు," అంది.

వాడి పరుపు కింద ఏం దొరికిందో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ కట్టు జారిపడి తగిలిన దెబ్బది కాదని మాత్రం చెప్పింది. ఇకనుంచి వాడిని ఒంటరిగా ఉంచరట, మందులు ఇస్తారట, వారానికోసారి తనే కూర్చోబెట్టి మాట్లాడుతుందట. ఆటోలో ఇంటికి వస్తూ దారి పొడుగునా ఏడ్చాను. ఆటోవాడు పాటలు ఆపేశాడు.

తర్వాత మూడు ములాఖత్‌లలో వాడు నా వైపు సరిగా చూడలేదు. నాలుగోసారి అద్దం అవతల కూర్చుని ఫోన్ తీసుకున్నాడు.

"కోసినవా అక్కా?"

"కోయలే. కత్తెర దొరకలే."

పొద్దంతా కత్తెరతో బీడీ ఆకు కోసే మనిషిని నేను. వాడి మూతి ఒక పక్కకు వంకరపోయింది. తర్వాత గట్టిగానే నవ్వాడు.

"నీ ఇంట్ల కత్తెర లేదా? అబద్ధమన్న మంచిగ చెప్పరాదు నీకు!"

"నువ్వు చెప్పినవు గదరా మంచిగ, బాత్రూంల జారిపడ్డనని."

తల వంచుకున్నాడు. మందులు వేసుకుంటున్నాడట. నిద్ర పడుతోందట. ఫోన్ పెట్టెయ్యమని జవాను సైగ చేశాడు. తమ్ముడు తొందరగా రెండు మాటలు చెప్పాడు.

"మగ్గం మీద పాత చీర కప్పు. ఎలుకలు కొరుకుతయ్."

ఇంటికి రాగానే కప్పాను.