కొట్టివేత వినపడదు

పోయినవి ముందు చెబుతాను. ఇరవై రెండు నిమిషాలు. పదిహేను మార్కుల ప్రశ్న ఒకటి. ఎడమకాలి చెప్పు ఒకటి. మూడూ ఒకే పొద్దున పోయాయి. మూడూ నా వల్లే పోయాయి.

మార్కాపురంలో మా యూనివర్సిటీకి చిన్న కార్యాలయం ఉంది. అందులో గుమాస్తాగా చేరి, వెబ్‌సైట్ పని సొంతంగా నేర్చుకున్నాను. చూపులేని విద్యార్థులు పేజీని ఫోను చేత చదివించుకుని వింటారు. ఫోను సరిగ్గా చదవగలిగేలా పేజీలు ఉంచడం నా బాధ్యత. తప్పులు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అది సున్నా చూపించేదాకా ఏ పేజీనీ వదిలేవాణ్ణి కాదు. పరీక్ష కేంద్రాల పేజీకి కూడా సున్నానే చూపించింది.

డిగ్రీ ఆఖరి పరీక్ష రోజు, తొమ్మిదికి పది నిమిషాలుందనగా, పేజీ కింద ఇచ్చిన మా ఆఫీసు నంబరుకు ఫోన్ వచ్చింది.

"సారూ, గేటు కాడ మా పాప నంబరు లేదంటుండారు. నీ కంప్యూటర్లో ఏముందో చూడు."

మార్కాపురం సెంటరు పడిన కాలేజీ మా కార్యాలయానికి రెండు వీధుల అవతలే. పరుగెత్తాను. గేటు పక్కన తెల్ల కర్రతో అమ్మాయి, పక్కనే వాళ్ళ నాయన. పుల్లలచెరువు వైపు గొర్రెలు కాసుకునే మనిషి. తెల్లారకముందే బయలుదేరారట. మిగతావన్నీ ముందే పాసైంది, ఆమెకు మిగిలింది ఈ ఒక్క పేపరే. ఇది తప్పితే ఇంకో ఏడాది ఆగాలి.

పేజీ తెరిచాను. ఆమె నంబరు ఎదురుగా మార్కాపురం మీద అడ్డగీత, పక్కన గిద్దలూరు.

"నీ సెంటరు గిద్దలూరు కదమ్మా!"

"రెండూ ఉండాయి కద సార్. ఏదైనా ఒకటి అనుకున్యా. మాకు ఇదే దగ్గర."

"మార్కాపురం కొట్టేసి ఉంది."

"కొట్టేసినట్ల ఫోను చెప్పలేదే?"

ఫోను నా చెవి దగ్గర పెట్టింది. "మార్కాపురం గిద్దలూరు." రెండు పేర్ల మధ్య ఊపిరి పీల్చేంత ఖాళీ కూడా లేదు.

మా ఆఫీసులో ఏ రికార్డులోనూ పాతదాన్ని చెరపకూడదు. అడ్డంగా ఒక గీత కొట్టి, పాత మాట కనిపించేలా ఉంచి, కొత్తది పక్కన రాయాలి. ఇరవై ఏళ్ళు రిజిస్టర్లలో చేసిన పనే వెబ్ పేజీలోనూ చేశాను. గీత కంటికే కనిపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పుల్లో లెక్కపెట్టదు.

కారు మాట్లాడేసరికి తొమ్మిదింబావు. పరీక్ష పదింటికి మొదలు, పదిన్నరకు తలుపు మూస్తారు. అరవై పైచిలుకు కిలోమీటర్లు, డెబ్బై అయిదు నిమిషాలు. సగటున యాభైకి తగ్గకూడదు. కంభం దాటాక నలభై నిమిషాలే మిగిలాయి.

"సార్, పైకి లెక్కబెట్టద్దు. నాకు భయమైతాంది," అంది వెనక సీట్లోంచి. నేను గొణుగుతున్నానని అప్పటిదాకా నాకే తెలియదు.

ఇంకాస్త దూరం పోగానే రోడ్డంతా గొర్రెల మంద. డ్రైవర్ హారన్ కొట్టిన కొద్దీ అవి చెదిరి మళ్ళీ కారు ముందుకే వస్తున్నాయి.

"ఆపు నాయనా నీ మోత! అవేమన్నా లారీలా?" అంటూ వాళ్ళ నాయన దిగాడు. నాలుకతో ఏదో చప్పుడు చేస్తూ ముందు నడుస్తున్న పొట్టేలును పక్కకు మళ్ళించాడు. మంద మొత్తం దాని వెనకే రోడ్డు దిగింది. పరుగున వచ్చి ఎక్కాడు. కొంత దూరం పోయాక కాళ్ళు చూసుకున్నాడు. ఎడమ చెప్పు లేదు.

"వెనక్కి తిప్పమంటారా?" అన్నాడు డ్రైవర్.

"చెప్పుకేం పరీక్ష లేదులే. పోనీ!"

గిద్దలూరు గేటు ముందు దిగేసరికి పదీ ఇరవై రెండు. ఆమెకు పరీక్ష రాసిపెట్టేందుకు ఆ సెంటరువాళ్ళు ఏర్పాటు చేసిన అమ్మాయి మెట్ల మీదే నిలబడి ఉంది. ఇద్దరూ లోపలికి పోయాక అక్కడి అధికారిని పట్టుకున్నాను. తప్పు నాది, ఆ నిమిషాలు చివర్లో కలపండి అన్నాను.

"చూపులేనివాళ్ళకిచ్చే అదనపు సమయం ఇస్తాం. ఆలస్యానికి సమయం ఇవ్వలేం."

"తప్పు నాదని రాసిస్తాను."

"రాసివ్వండి. సమయం మాత్రం రాదు."

రాసిచ్చాను. పరీక్ష అయ్యేలోపు బజారుకు పోయి ఒక జత చెప్పులు తెచ్చాను. ఆయన వద్దు వద్దంటూనే, సైజు సరిపోయిందో లేదోనని తొడిగి చూశాడు.

ఆమె బయటికి వచ్చి, "ఒకటి మిగిలిపోయింది సార్. పదహైదు మార్కులది. నాకు వచ్చిన ప్రశ్నే," అంది.

పాసైంది. ఆ ప్రశ్నకు ఎన్ని మార్కులు వచ్చేవో లెక్కవేసే దారి లేదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సున్నా చూపించాక కూడా, కళ్ళు మూసుకుని పేజీ మొత్తం విన్న తరువాతే వెబ్‌సైట్‌లో పెడతాను. అడ్డగీతలన్నీ వెతికి, కొట్టేసిన పాత మాటలతో సహా తీసేశాను. నూట ముప్పై ఏడు దొరికాయి. కొత్త నోటీసు పెట్టినప్పుడు ఆమెకు కబురు చేస్తే, విని ఫోన్ చేస్తుంది.

"బాగుంది సార్. అంతా తెలుస్తాంది. మరి నా నిమిషాల సంగతేంది?"

నవ్వుతూనే అడుగుతుంది. చెప్పుల లెక్క ఆ రోజే తీరింది. ఇరవై రెండు నిమిషాలు ఇంకా బాకీ ఉన్నాయి.