మా అవ్వ పుట్టింటికి అణా టిక్కెట్టు

తిరుచానూరు అవతల ఉన్న తన పుట్టింటిని మద్రాసులో ఉంటున్న వారసులు మ్యూజియం చేశారని విన్నప్పటి నుంచి మా అవ్వ నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆ ఇంటి ముందు సావడిలోకి ఆడవాళ్లు రాకూడదట. వాళ్ల నాయన పంచాయతీలు చేసేదీ, సంబంధాలు ఖాయం చేసేదీ అక్కడే. "మా నాయన కూసునే తావున ఒక్కసారి కూసోవాల పాపా" అని ఒకటే పోరు. నాకూ కాలు ఒకచోట నిలవదు. సరే, బయలుదేరాం.

చిత్తూరులో తెల్లవారుజామున రైలెక్కి, పాకాల మీదుగా తిరుపతి చేరేసరికి ఎండ ఎక్కింది. యుద్ధం మూలాన పెట్రోలు లేదు. బొగ్గుతో నడిచే బస్సు ఎప్పుడు కదులుతుందో దాని డ్రైవరుకే తెలియదు. రూపాయికి జట్కా మాట్లాడాను. దారంతా అవ్వ ముందుకు వంగే కూర్చుంది.

"ఇంగా ఎంత దూరమబ్బా?"

"గుర్రానికీ ప్రాణముండాది కదమ్మా. ఇల్లు యాడికీ పోదులే" అన్నాడు జట్కా అతను.

"పోయేది ఇల్లు గాదు, నేను" అంది అవ్వ.

దిగగానే సింహద్వారం వదిలేసి గోడ వెంబడి పెరటివైపు నడిచింది. "అమ్మా, దోవ ఈడుండాది!" అని కాపలాదారు కేకేశాడు. పుట్టిన ఇంట్లోకి ఆమె ఏనాడూ ముందు వాకిలి నుంచి వెళ్లలేదు. మనిషికి అణా చొప్పున ఇచ్చి లోపలికి వెళ్లాం.

సావడిలో నున్నటి సున్నపు గచ్చు, చెక్కిన టేకు స్తంభాలు, ఒక పాత పల్లకీ. నాకు నచ్చినది లోగిలికీ సావడికీ మధ్య సన్నటి కన్నాలు చెక్కిన నిలువెత్తు చెక్క జాలీ. ఆడవాళ్లు దాని వెనక నిలబడి ఇక్కడి మాటలు వినేవారు. అవ్వను రెండో పెళ్లివాడికి ఇస్తానని నాయన మాట ఇస్తుంటే, పన్నెండేళ్ల అవ్వ దాని వెనకే ఏడ్చింది. "ఆయన సూడలేదు. సూసుంటే ఆపుండేవాడు" అని మాకు చిన్నప్పటి నుంచీ చెప్పేది.

కాపలాదారు అడ్డు చెప్పేలోపే అవ్వ నాయన బల్ల మీద కూర్చుంది. జాలీ వైపు చూస్తూ చూస్తూ ఆమె ముఖం మారింది.

"పాపా, లోపలికి పోయి ఆ జాలీ ఎనక నిలబడు."

కాపలాదారును బతిమాలి లోపలి తలుపు తీయించాను. నా వీపు మీద లోగిలి ఎండ. ఎదురుగా సావడి చీకటి, అవ్వ నాకు కనబడనే లేదు.

"కొంగుతో కండ్లు తుడుసుకో" అని గొంతు వినిపించింది. తుడుచుకున్నాను. ఎందుకో అర్థం కాలేదు. ఉండబట్టలేక బయటికి పరుగెత్తాను. అవ్వ బల్ల దిగి నిలబడి ఉంది.

"నీ కొంగు కదిలేది గూడా ఈడికి కనబడింది. మా నాయన సూసినాడు పాపా" అంది.

తిరుగు దారిలో అవ్వ మెదలకుండా కూర్చుంది. నాకే స్థిమితం లేదు. అరవై ఏళ్లు నమ్ముకున్న నాయనను అణా టిక్కెట్టు కొని నేనే ఆమె నుంచి లాగేసినట్టు బాధగా ఉండింది. అంత పనితనమున్న ఇంటిని చూడవద్దని మాత్రం ఎవరికీ చెప్పను. వెళ్లేవారు ఎండ ఉండగానే వెళ్లండి, అడిగి లోపలి తలుపు తీయించుకోండి. ఆడవారు ఎవరికీ కనబడకుండా చూసే ఏర్పాటు అని ఆ జాలీ పక్కన బోర్డు పెట్టారు. దాన్ని నమ్మకండి.