నా జబ్బు గురించి నన్నే అడిగిన సిస్టర్

ఆ పొద్దు ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేతిలో గొర్రెల మందు సంచి. బస్సు వచ్చింది గానీ నేను ఎక్కలేదు. కండక్టరు నన్ను చూసి డ్రైవరు చెవిలో ఏదో అన్నాడు. నన్ను చంపడానికే వాళ్లు కూడబలుక్కున్నారని నాకు గట్టిగా అనిపించింది. ఒళ్లంతా చెమట. ఇంటికొస్తే పెంచలమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. నీళ్లల్లో పురుగుమందు వాసన. ఇన్నేళ్లు నాకు అన్నం పెట్టిన భార్య మీదే అనుమానం.

నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా దొరికిన కాగితమల్లా చదివి నేర్చుకున్నదే. అయినా నా బుద్ధే నన్ను మోసం చేస్తోందని పట్టుకోలేకపోయాను.

ఆత్మకూరులో బీపీ, ఈసీజీ చూశారు. నెల్లూరులో థైరాయిడ్, సీటీ స్కాన్. అన్నీ నార్మల్. నార్మల్ అయితే ఈ భయమేమిటని లోపలే అనుకున్నాను. చివరికి మానసిక వైద్యశాలలో చేర్చారు.

మా ఇళ్లలో ఒక పద్ధతుంది. జబ్బు ఎవరిదైనా మాట్లాడేది ఇంటి పెద్దరికం చేసేవాడే. మా తమ్ముడు మాలకొండయ్య ఊళ్లో నలుగురికి తీర్పు చెప్పే మనిషి. డాక్టరు నన్ను, "నిద్ర పడతా ఉందా?" అని అడిగితే, "పడతాది సార్, గ్యాస్ ఎక్కువ, అంతే" అని వాడు చెప్పాడు. నేను వాడి చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను.

వార్డులో షాహీన్ అని చిన్న వయసు సిస్టర్, ఉదయగిరి అమ్మాయి. నేను నీళ్లు వాసన చూసి పారబోయడం ఆమె కంటబడింది. "తాతా, నీళ్లంటే భయమా?" అని అడిగింది. తమ్ముడు అడ్డం వచ్చాడు. "ఆయన్ని కదిలించబాక పాపా. నీకేం తెలుసు." ఆమె "సారీ సార్" అని వెళ్లిపోయింది. డాక్టరుకూ చెప్పలేకపోయింది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు, ఆ నోరు మూయించిన మా మర్యాద మీద వచ్చింది. ఇప్పటికీ వస్తుంది.

ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయని, పిచ్చాసుపత్రి పేరు బయటికి రాకూడదని తమ్ముడు తన పూచీ మీద సంతకం పెట్టి నన్ను ఇంటికి తెచ్చాడు. మాత్రలు ఆపించాడు. నాకు మా మేనత్త గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మతి చెడిందని ఆమెను పశువుల కొట్టంలో గుంజకు కట్టేశారు. ఎవరూ ఆమెను ఏమైందని అడగలేదు. నాకూ అదే గతి అనుకున్నాను. తిండీ నీళ్లూ మానేసి, పడిపోయాను. పెంచలమ్మ ఎవరినీ అడక్కుండా ఆటో పిలిచి మళ్లీ అదే ఆసుపత్రికి తెచ్చింది.

ఈసారి వార్డులో కొత్త సంగతి ఒకటి జరుగుతోంది. మధ్యాహ్నాలు ఇన్‌చార్జి సిస్టర్ చిన్న వయసు నర్సులందరినీ కూర్చోబెట్టి మాట్లాడటం నేర్పిస్తోంది. "గొంతు పెంచొద్దు. సారీతో మొదలుపెట్టొద్దు. ఏం చూసినారో చెప్పండి, దానివల్ల ఏం ప్రమాదమో చెప్పండి, ఏం కావాలో అడగండి. డాక్టరైనా సరే, బంధువైనా సరే." నావైపు తిరిగి, "పెద్దాయనా, మీ తమ్ముడి మాదిరి ఒకసారి అరవండి. మా షాహీన్‌కి అలవాటు కావాల" అంది.

భయపడుతూనే అరిచాను. "ఏందమ్మే, మా మనిషిని మేం తీసకపోతే నీకేంది? అడ్డం లెయ్."

షాహీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "తాతా, ఇంత గొంతు ఎక్కడ దాచిపెట్టినావు?"

"నవ్వితే నిన్ను తోసుకుని పోతాడు. మళ్లా చెప్పు" అంది ఇన్‌చార్జి.

వారం తిరక్కుండానే తమ్ముడు కారుతో వచ్చాడు. వాడి గొంతు వరండాలో వినబడింది. షాహీన్ మంచానికి ముందు నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో చేతి మణికట్టు బిగించి పట్టుకోవడం వెనకనుంచి నాకు కనిపిస్తోంది.

"సార్, ఈ పొద్దు కూడా తాత నీళ్లు తాగడానికి భయపడినాడు. ఇప్పుడు తీసకపోతే ప్రాణానికే ప్రమాదం. డాక్టర్ గారొచ్చిందాకా ఆగండి. నేను తాతతో ఒంటరిగా మాట్లాడాల, మీరు బయట ఉండండి."

"నీ పేరేంది? ఎవురనుకుంటా ఉండావు నన్ను?"

"షాహీన్ సార్. తాత తమ్ముడని తెలుసు. బయట ఉండండి."

వాడు నా వంక చూశాడు. నేను లేచి వాడి వెంట పోతానని ఆ చూపు. నేను దుప్పటి గట్టిగా పట్టుకున్నాను. వాడు బయటికి నడిచాడు.

ఆమె తలుపు మూసి స్టూలు మీద కూర్చుంది. "తాతా, ఇప్పుడు నువ్వు చెప్పు. పోతావా, ఉంటావా?"

"ఉంటా" అన్నాను. తర్వాత విషం సంగతి చెప్పాను. చచ్చిపోతే మేలనిపించిన సంగతీ చెప్పాను. ఆమె ఎక్కడా అడ్డుపడలేదు. డాక్టరుకు అంతా చెప్పింది. ఆయన వచ్చి, "ఇది డిప్రెషన్‌తో సైకోసిస్, దిగులు ముదిరి లేనిది ఉన్నట్టు నమ్మించే జబ్బు. మొదట్లోనే తెలిసుంటే మందు వేరేగా ఇచ్చేవాణ్ణి. తగ్గుతుంది, మధ్యలో ఆపకూడదు" అన్నారు.

తగ్గింది. మధ్యలో ఒకసారి మందు పడక కళ్లు తిరిగి పడ్డాను, డోసు మార్చారు. ఇప్పుడు గొర్రెల దగ్గరికి పోతున్నాను. భయం మొత్తం పోయిందని అబద్ధం చెప్పను. ఒక్కోనాడు పొద్దున లేవగానే గుండె దడదడలాడుతుంది. ఆ మాట దాచకుండా పెంచలమ్మకు చెబుతాను.

చదివేవాళ్లకు ఒక్క మాట. మీ మనిషిని ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు సిస్టర్ "కాసేపు బయట ఉండండి" అంటే, ఆమెకు పొగరని అనుకోవద్దు. ఆ మాట అనడానికి ఆమె ఎంత భయాన్ని దిగమింగిందో మీకు తెలియదు. లేచి బయటికి పొండి. పోయేటప్పుడు తలుపు వేసి పొండి.